బెతూన్ నుంచి ఈపర్ దాకా: మన సిపాయిల పేర్ల వెంట సైకిలు దారి

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం)

అందరికీ నమస్కారం. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు, బెల్జియంలలో చనిపోయిన మన సిపాయిల పేర్లున్న స్మారకాలు చూస్తూ ఒక్క రోజులో సైకిలు మీద వెళ్లే దారి గురించి చెబుతాను. ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత కారణాలు చెబుతాను. ఈపర్ నుంచి మొదలుపెట్టకండి. అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈప్ర్ అని ఉండే ఆ బెల్జియం ఊరు బాగా పేరున్నది, హోటళ్లున్నాయి, మ్యూజియం ఉంది. కాబట్టి అక్కడ దిగి, సైకిలు అద్దెకి తీసుకుని, దక్షిణంగా ఫ్రాన్సు వైపు తొక్కుతారు. మధ్యాహ్నానికి డీలా పడిపోతారు. ఎందుకు? గాలి. ఆ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి నైరుతి నుంచి వీస్తుంది. చెట్టూ చేమా లేని బీట్‌రూటు పొలాల మధ్య ఎదురుగాలిలో నలభై కిలోమీటర్లు తొక్కడమంటే, కొండెక్కడం కన్నా కష్టం. కొండకైతే అవతల దిగుడుంటుంది. ఎదురుగాలికి దిగుడు లేదు.

అందుకని ఫ్రాన్సులో బెతూన్ దగ్గర రైలు దిగండి. అక్కడి నుంచి ఈశాన్యంగా ఈపర్‌కి రండి. గాలి వీపు మీద ఉంటుంది. ఇంకో కారణం కూడా ఉంది, అది గాలి కన్నా పెద్దది. 1915 ఏప్రిల్‌లో మన లాహోర్ డివిజన్ సిపాయిలు వెళ్లింది కూడా ఈ దిక్కుకే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

ఎవరు వీళ్లంతా, ఎక్కడి నుంచి వచ్చారు అనేది రెండు ముక్కల్లో. 1914 సెప్టెంబర్ 26న మార్సెయ్ రేవులో భారత సైన్యం దిగడం మొదలైంది. లాహోర్ డివిజన్, మీరట్ డివిజన్. అక్టోబర్ చివరికల్లా కందకాల్లో ఉన్నారు. 1915 చివర్లో ఈ పదాతి దళాల్ని మెసపొటేమియాకి, అంటే ఇప్పటి ఇరాక్‌కి, పంపేశారు, గుర్రపు దళాలు మాత్రం 1918 దాకా ఫ్రాన్సులో ఉన్నాయి. అంటే పదాతి దళాలు ఇక్కడ పోరాడింది సుమారు ఒక ఏడాది. ఆ ఏడాదిలో వాళ్లు నిలబడ్డ నేల చాలా చిన్నది. సైకిలు మీద ఒక్క రోజులో దాటేంత. అది గుర్తుపెట్టుకోండి: సైకిలు మీద ఒక్క రోజు.

దారి

లిల్ నుంచి బెతూన్‌కి టీఈఆర్ రైళ్లు తిరుగుతాయి. ఇవి మన ప్యాసింజరు బళ్ల లాంటివి. సైకిలు సాధారణంగా విడి టికెట్టు లేకుండానే ఎక్కించవచ్చు. పారిస్ నుంచి వచ్చే టీజీవీల్లో, అంటే బాగా వేగంగా పోయే రైళ్లలో, అలా కాదు, చాలావాటిలో సైకిలు విప్పి సంచిలో పెట్టాలి. ఉదయం ఆఫీసు రద్దీ వేళ ఎక్కకండి, సైకిళ్లు పెట్టే చోట జనం నిలబడి ఉంటారు.

బెతూన్ నుంచి ఎసార్స్ మీదుగా డీ171 రోడ్డు పట్టుకోండి. ఇది ఆర్మాంతియేర్ వైపు పోతుంది. ల తురే ఊరు దాటిన కాసేపటికి కుడి చేతి పక్కన ల తురే స్మారకం వస్తుంది. సమాధి దొరకని 13,400 మందికి పైగా బ్రిటిష్ సైనికుల పేర్లున్నాయి. ఇక్కడ ఎక్కువ సేపు ఆగమని చెప్పను, కానీ ఆగండి. ఎందుకంటే అదే రోడ్డు, అదే నేల, అదే ఏడాది. వీళ్లూ మనవాళ్లూ పక్కపక్క కందకాల్లో ఉన్నారు.

అదే రోడ్డు మీద ఇంకొంచెం ముందుకెళ్తే డీ947తో కలిసే కూడలి వస్తుంది. సైనికులు పోర్ట్ ఆర్థర్ అని పిలుచుకున్న మూల. న్యూవ్ షాపెల్ భారత స్మారకం అక్కడే. బెతూన్ స్టేషన్ నుంచి పన్నెండు కిలోమీటర్లుంటుంది, అంతే. ఇక్కడ జాగ్రత్త. డీ947 మీద లారీలు గట్టిగా పోతాయి, మీ ఫోనులో దారి చూపే యాప్ దగ్గరి దారి అని దాన్నే చూపిస్తుంది. దాని మీద తొక్కకండి. కూడలి దాటడానికి మాత్రమే వాడండి, అదీ సైకిలు దిగి నడిపించుకుంటూ.

లోపల ఏముంటుంది? రోడ్డు వైపు నుంచి చూస్తే గుండ్రని ఆవరణ, పదిహేను మీటర్ల ఎత్తు స్తంభం, దాని మీద తామర శిఖరం, కింద రెండు రాతి పులులు. హెర్బర్ట్ బేకర్ కట్టాడు, న్యూ ఢిల్లీ సెక్రటేరియట్ భవనాలు కట్టిన ఆయనే. 1927 అక్టోబర్ 7న ప్రారంభించారు. సగం ఆవరణ చుట్టూ రంధ్రాలున్న రాతి ప్రాకారం ఉంటుంది. సాంచీ స్తూపం చుట్టూ ఉండే వేదిక చూశారా? మ్యూజియంలో అమరావతి వేదిక రాళ్లు చూశారా? ఆ నిర్మాణమే ఇది. ఫ్రాన్సులో బీట్‌రూటు చేల మధ్య. మిగతా సగం గోడ నిండా పేర్లు. 4,700 మందికి పైగా. స్తంభం కింద ఇంగ్లీషు, అరబీ, హిందీ, గురుముఖి లిపుల్లో ఒకే వాక్యం: దేవుడొక్కడే, విజయం ఆయనదే.

ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, స్తంభం ముందు ఫోటో దిగి, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. అలా చేయకండి. గోడ దగ్గరికి వెళ్లండి. పేర్లు రెజిమెంటు వారీగా, అందులో హోదా వారీగా ఉంటాయి. 39వ గఢ్వాల్ రైఫిల్స్ ఎక్కడుందో పట్టుకోండి. అందులో గబర్ సింగ్ నేగీ పేరు ఉంటుంది. 1915 మార్చి 10న ఇక్కడే, ఈ ఊరి దగ్గరే చనిపోయాడు, విక్టోరియా క్రాస్ వచ్చింది, బ్రిటిష్ సైన్యంలో అన్నిటికన్నా పెద్ద శౌర్య పతకం అది. ఆయనకి సమాధి లేదు, ఈ పేరే ఉంది. సమాధులు ఎందుకు లేవని అడుగుతారు. హిందువుల్నీ సిక్కుల్నీ వీలున్న చోట దహనం చేశారు. వీలు లేని చోట, అంటే ఎక్కువ చోట్ల, ఆ బురదలో శరీరాలే దొరకలేదు. అందుకే మనవాళ్ల విషయంలో సమాధుల కన్నా పేర్ల గోడలే ముఖ్యం.

శరీరాలు ఇప్పటికీ బయటపడుతుంటాయి. రిష్‌బూర్ దగ్గర తవ్వకాల్లో దొరికిన ఇద్దరు గఢ్వాల్ సిపాయిల్ని 2017లో లవాంటీ సైనిక సిమెట్రీలో ఖననం చేశారు. లవాంటీ మన దారిలోనే ఉంది, న్యూవ్ షాపెల్ నుంచి ఏడు కిలోమీటర్లు.

ఇప్పుడు స్మారకం బయటికొచ్చి తూర్పుకేసి చూడండి. దూరంగా నేల కొంచెం లేచినట్టుంటుంది. అదే ఆబర్స్ రిడ్జ్. మీకు గుట్ట కనబడదు, గుట్ట అని చెబితే నవ్వొస్తుంది. మహా అయితే నాలుగైదు అంతస్తుల మేడ ఎత్తు. కానీ సైకిలు మీద ఆ వైపు ఒకసారి తొక్కి చూడండి, గేరు ఒకటి తగ్గించాల్సి వస్తుంది. ఆ ఒక్క గేరు ఎత్తు కోసం 1915 మార్చి 10 నుంచి 13 దాకా యుద్ధం జరిగింది. ఉదయం ఏడున్నరకి ఫిరంగులు మొదలయ్యాయి, ముప్పై అయిదు నిమిషాలు కాల్చాయి, ఎనిమిదీ అయిదుకి పదాతి దళం లేచింది. ఊరు చేతికొచ్చింది. రిడ్జ్ రాలేదు. మూడు రోజుల్లో భారత దళాల్లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి నాలుగు వేలు దాటారు.

ఎందుకంత? కింద ఉన్న మనవాడికి నీళ్లు, పైన ఉన్న జర్మన్‌కి చూపు. ఈ లోయలో భూగర్భ జలం చాలా పైకి ఉంటుంది. రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. కందకం తవ్వలేక, మట్టి బస్తాలు పేర్చి నేల మీద గోడ కట్టుకున్నారు. ఆ గోడ పై నుంచి కనబడుతుంది, ఫిరంగికి అందుతుంది. రోడ్డు పక్క కాలవలు చూడండి, ఎండాకాలంలో కూడా నిండుగా ఉంటాయి. కారులో పోతే ఆ కాలవ కనబడదు, ఆ ఎత్తు తెలియదు. సైకిలు మీదైతే రెండూ తెలుస్తాయి. సైకిలు మీద వెళ్లమని చెప్పడానికి నా దగ్గరున్న కారణం ఇదొక్కటే, ఇది చాలు.

ఓపిక ఉన్నవాళ్లు వాయవ్యంగా ఆరేడు కిలోమీటర్లు పక్కకి వెళ్లి ల కూత్యూర్ దగ్గర జెలోబ్ ఇండియన్ సిమెట్రీ చూడండి. వందకు పైగా సమాధులు, అంతే. చిన్నది. జనం రారు. ఇక్కడ రాళ్లని దగ్గరగా చూడవచ్చు. ఈ సమాధుల్ని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ పెట్టిన రాయి ఏ దేశంలోనైనా దాదాపు ఒకే కొలత: నేల పైన 81 సెంటీమీటర్లు, వెడల్పు 38. జనరల్‌కైనా, వంటవాడికైనా అదే కొలత. ముస్లిం సైనికుడి రాయి మీద అరబీ అక్షరాలుంటాయి, సిక్కు అయితే గురుముఖి, హిందువైతే నాగరి లిపిలో ఓం భగవతే నమః. కింద నంబరు, హోదా, పేరు, రెజిమెంటు, తేదీ. సిపాయిలే కాదు, కంచరగాడిదలు తోలినవాళ్లు, స్ట్రెచర్లు మోసినవాళ్లు, వంటవాళ్లు కూడా చనిపోయారు, వాళ్లకీ రాళ్లున్నాయి. హోదా దగ్గర డ్రైవర్ అని కనబడితే లారీ డ్రైవరు అనుకోకండి, చాలాసార్లు కంచరగాడిదలు తోలినవాడు.

లవాంటీ నుంచి ఫ్లోర్‌బే మీదుగా ఆర్మాంతియేర్. ఇది పదిహేను కిలోమీటర్లు, చదును నేల, చెప్పుకోవడానికేమీ లేదు. భోజనం ఆర్మాంతియేర్‌లో చేయండి. తర్వాత ల బిజే దగ్గర సరిహద్దు దాటతారు, దాటినట్టు కూడా తెలియదు, రోడ్డు మీద తారు రంగు మారుతుంది. రెండూ షెంగెన్ దేశాలే కాబట్టి ఒకే వీసా. లండన్ నుంచి వచ్చేవాళ్లూ, మీ బ్రిటన్ వీసా ఇక్కడ పనికిరాదు, షెంగెన్ విడిగా తీసుకోవాలి.

ప్లూగ్‌స్టీర్ట్ స్మారకం దాటాక మెసీన్ ఊరి గుట్ట ఎక్కుడు. రోజు మొత్తంలో ఎక్కుడంటే ఇదే. నలభై మీటర్లకి మించదు కానీ అప్పటికి కాళ్లు అలిసిపోయి ఉంటాయి. పైకెక్కి వెనక్కి తిరిగి చూడండి, పొద్దుట నుంచి తొక్కిన లోయంతా కనబడుతుంది. 1914 అక్టోబర్ చివర్లో మన 57వ వైల్డ్స్ రైఫిల్స్, 129వ బలూచీలు ఈ గుట్ట మీద, ఈ చుట్టుపక్కలే ఉన్నారు. ఇక్కడికి ఈశాన్యంగా హొలెబెక్ దగ్గర అక్టోబర్ 31న, తన తోటివాళ్లంతా చనిపోయినా మెషిన్ గన్ వదలని ఖుదాదాద్ ఖాన్‌కి విక్టోరియా క్రాస్ వచ్చింది. భారత సైన్యంలో దేశీయ సిపాయికి వచ్చిన మొదటిది అదే. ఆయన బతికాడు.

మెసీన్ నుంచి ఈపర్ పది కిలోమీటర్లు, చాలా వరకు దిగుడు, పక్కన సైకిలు దారి ఉంది. జెలోబ్ కలుపుకుంటే మొత్తం డెబ్భై లోపు. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రం ఆరుకల్లా చేరాలి. ఆరుకే ఎందుకు? ఎనిమిదికి మెనిన్ గేటు దగ్గర, అంటే సమాధి దొరకని సైనికుల పేర్లు చెక్కిన పెద్ద తోరణం కింద, లాస్ట్ పోస్ట్ ఊదుతారు, చనిపోయిన సైనికుల గౌరవార్థం బ్యూగిల్ మీద వాయించేది. 1928లో మొదలైంది, 1929 నుంచి రోజూ, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ఆక్రమణ కాలం తప్ప. ఏడున్నరకల్లా అక్కడుండండి, రోడ్డు మూసేస్తారు. సైకిలు ఊరి నడిబొడ్డు చౌకులో తాళం వేసి నడిచి రండి, గేటు కిందికి తేవద్దు. చప్పట్లు కొట్టకండి. గేటు మీద 54,000కు పైగా పేర్లున్నాయి, అందులో మనవాళ్లవి నాలుగు వందలకు పైగా. గేటు పక్కన కోటగోడ మీదికెక్కితే భారత దళాల స్మారకం విడిగా ఉంది. చాలామంది అది చూడకుండానే వెళ్లిపోతారు, మెట్లెక్కండి.

సైకిలు సంగతి

ఇప్పుడు సామాను. టైరు ముఖ్యం, మిగతావన్నీ తర్వాత. 32 నుంచి 38 మిల్లీమీటర్ల టైరు. రేసు సైకిలు 25 మిల్లీమీటర్ల టైరుతో వద్దు, ఎందుకో చెబుతాను. ఆ పల్లెల్లో రాళ్లు పరిచిన రోడ్లు అక్కడక్కడ తగులుతాయి. సన్న టైరు రాయి అంచు మీద పడితే ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలుగుతుంది, పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. పాము కాటులా రెండు గాట్లు కనబడితే గాలి తక్కువైందని అర్థం. మేకు గుచ్చుకుంటే ఒకటే చిల్లు. 35 మిల్లీమీటర్ల టైరుకి, డెబ్భై అయిదు కిలోల మనిషికి, గాలి ఒత్తిడి వెనక 50 నుంచి 55 పీఎస్ఐ (పంపు మీటరు మీద ఉండే కొలత), ముందు ఒక అయిదు తక్కువ. సామాను వెనక కట్టుకుంటే ఇంకో అయిదు పెంచండి. బెల్జియంలో అద్దె సైకిళ్లలో కొన్నిటికి వాల్వు వేరేగా ఉంటుంది, మీరు తెచ్చుకున్న పంపు పట్టదు. సైకిలు తీసుకునేటప్పుడే దుకాణం ముందు మీ పంపుతో ఒకసారి గాలి కొట్టి చూడండి. రెండు ట్యూబులు, రెండు లివర్లు, పంపు, అలెన్ కీలు, చైను లింకు ఒకటి. ఇవి చాలు.

రెండోది బురద. అక్టోబర్ నుంచి బీట్‌రూటు తీస్తారు. ట్రాక్టర్లు పొలం మట్టిని రోడ్డు మీదికి లాక్కొస్తాయి. అది బంకమట్టి. తడిస్తే సబ్బులా జారుతుంది, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రం పట్టేస్తుంది. మడ్‌గార్డు కింద వేలు దూరేంత సందు లేకపోతే పొలం దారి పట్టకండి. ఇరుక్కుంటే పుల్లతో గీకండి, నీళ్లు పోసి కడగబోతే ఇంకా అంటుకుంటుంది. కాబట్టి మే, జూన్, సెప్టెంబర్ మంచివి. నవంబర్ 11 చూడాలనుకుంటే చూడండి, కానీ బస ముందే దొరకబుచ్చుకోవాలి, చీకటి అయిదింటికే పడుతుంది. ఫ్రాన్సులో ఊరి బయట చీకట్లో తొక్కితే మెరిసే చొక్కా తప్పనిసరి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, బెల్లు, ఇవి రెండు దేశాల్లోనూ ఉండాలి.

రోడ్డు నియమం ఒకటి మనవాళ్లని దెబ్బతీస్తుంది. కుడి పక్కన తొక్కడం అందరికీ తెలుసు. కానీ బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చే బండికి ముందు దారి ఇవ్వాలి. అది చిన్న సందు కావచ్చు, మీది పెద్ద రోడ్డు కావచ్చు, అయినా సరే. వచ్చేవాడు ఆగడు, ఆగాల్సింది మీరు. ఊళ్లలోకి రాగానే కుడివైపు మీద కన్నుంచండి.

బెల్జియం వైపు సైకిలు దారుల కూడళ్లకి నంబర్లుంటాయి. మ్యాపులో చూసి నంబర్లు వరసగా కాగితం మీద రాసుకుని హ్యాండిలు మీద అంటించుకుంటే ఫోను అక్కర్లేదు. ఫ్రాన్సు వైపు మీ దారిలో ఇది అన్నిచోట్లా ఉండదు, కాబట్టి మొదటి సగం మ్యాపుతో, రెండో సగం నంబర్లతో. ఇంకోటి, బోర్డుల మీద పేర్లు మారతాయి. ఫ్లెమిష్ బోర్డు మీద లిల్ అని ఉండదు, రైసెల్ అని ఉంటుంది. మెసీన్ మేసెన్ అవుతుంది. దారి తప్పామని కంగారు పడకండి.

నీళ్లు. సిమెట్రీల్లో కుళాయి కనబడితే తాగేయకండి, మొక్కల కోసం పెట్టినవి కావచ్చు. రెండు సీసాలు నింపుకుని బయల్దేరండి. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా పల్లెల్లో దుకాణాలు మూసి ఉంటాయి. శాకాహారులూ, గొడ్డుమాంసం తిననివాళ్లూ, ఇది మీకోసం: అక్కడ బంగాళాదుంప వేపుళ్లు చాలా చోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. బంగాళాదుంపే కదా అనుకోకండి. నూనెలోనా కొవ్వులోనా అని అడగండి, అడిగితే చెబుతారు.

పొలాల గట్టున, కరెంటు స్తంభం మొదట్లో తుప్పుపట్టిన ఇనుప గుండ్లు పేర్చి కనబడవచ్చు. రైతులు దున్నేటప్పుడు తేలిన ఫిరంగి గుండ్లవి, సైన్యం వచ్చి తీసుకెళ్లడం కోసం అక్కడ పెడతారు. ఇప్పటికీ పేలతాయి. కొన్నిట్లో విషవాయువు ఉంటుంది. ముట్టుకోకండి, కాలితో తోయకండి, పక్కన నిలబడి ఫోటో కూడా వద్దు.

సిమెట్రీల దగ్గర పద్ధతి. రోడ్డు మీద ఆకుపచ్చ బోర్డు చూపిస్తుంది. కొన్నిటికి పొలం మధ్య గడ్డి బాట తప్ప దారి ఉండదు, నడిపించుకుంటూ వెళ్లండి. సైకిలు గేటు బయటే. గోడకి ఆనించకండి. అడుగున లోహపు క్లీట్లున్న బూట్లతో లోపలికి వద్దు, తడి రాయి మీద జారి పడతారు, రాయి మీద గీతలూ పడతాయి. మెత్తని చెప్పులు ఒక జత సంచిలో పెట్టుకోండి. గోడలో చిన్న కంచు తలుపు ఉంటుంది, దాని వెనక రిజిస్టరు, సందర్శకుల పుస్తకం. సమాధి చిరునామా ఇలా ఉంటుంది: రోమన్ అంకె, ఒక అక్షరం, ఒక నంబరు. అంటే ప్లాటు, వరస, రాయి. పేర్ల గోడకైతే ప్యానెల్ నంబరు.

రాళ్ల మీద అక్షరాలు ఫోటోలో పడవు అంటారు. నడినెత్తి ఎండలో తెల్లరాయి వెలిగిపోయి అక్షరం చెరిగిపోతుంది. పొద్దునో సాయంత్రమో, వెలుతురు పక్క నుంచి పడేటప్పుడు తీయండి. అక్షరాలు కనబడాలని పిండి, సుద్ద రాయకండి, రాయి పాడవుతుంది.

పేర్లు వెతకడం

ఇది ఇంట్లోనే, బయల్దేరక ముందే చేయాలి. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ల జాబితా ఉచితం. భారత సైన్యం అని ఎంచుకుని, సిమెట్రీ పేరు ఇచ్చి వెతకండి. ఇంటి పేరు పెట్టి వెతకకండి, చాలామందికి ఒకటే పేరు రాశారు, స్పెల్లింగు గుమాస్తాకి ఎలా వినబడితే అలా రాశాడు. అదనపు సమాచారం అన్న గడిలో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. మీరు ఒక అయిదు పేర్లు రాసుకుని వెళ్లండి. అయిదే. యాభై సిమెట్రీలు తిరగడం కన్నా ఆ అయిదు పేర్లు చేత్తో తడిమి రావడం మేలని నా గట్టి అభిప్రాయం.

మన తెలుగువాళ్లు ఉన్నారా అని ఎవరైనా తప్పకుండా అడుగుతారు. న్యూవ్ షాపెల్ గోడ మీద ఎక్కువ పంజాబ్, గఢ్వాల్, నేపాల్, సరిహద్దు పఠాన్ల పేర్లు. కారణం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటిష్ సేనాధిపతులు కొన్ని కులాలే యుద్ధానికి పనికొస్తాయని తేల్చేసి, మద్రాసు రెజిమెంట్లని తగ్గించేశారు. మనవాళ్లని వెతకాలంటే రెండో ప్రపంచ యుద్ధానికి, ఇటలీకి వెళ్లాలి. మద్రాస్ సాపర్లు, అంటే సైన్యంలో ఇంజనీరింగు పనులు చేసే దళం, అక్కడ రోడ్లు వేశారు, మందుపాతరలు తీశారు. వాళ్లలో తెలుగువాళ్లున్నారు. ఫోర్లీలో భారత సైన్యానికే ఒక సిమెట్రీ ఉంది, చదును నేల, సైకిలుకి అనువైనది. ఇక ఫ్రాన్సులోనే కాంబ్రే దగ్గర విలేర్ గిస్లాన్‌లో భారత సైనిక స్మారకాన్ని 2018 నవంబర్ 10న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారు ప్రారంభించారు. అది న్యూవ్ షాపెల్ నుంచి దూరం, ఎత్తుపల్లాల నేల, దానికి విడిగా ఒక రోజు కావాలి.

మొదట్లో చెబుతానన్న సంగతి. 1915 ఏప్రిల్ 22న ఈపర్‌కి ఉత్తరాన జర్మన్లు క్లోరిన్ విషవాయువు వదిలారు. లాహోర్ డివిజన్‌ని పైకి పిలిచారు. మీరు ఒక్క పగట్లో తొక్కివచ్చే ఈ లోయలోంచే వాళ్లు ఉత్తరానికి కాలినడకన, మూటలతో వెళ్లారు. 26న వీల్ట్యా దగ్గర నుంచి దాడికి దిగారు. గ్యాస్ మాస్కులు లేవు, తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. జమాదార్ మీర్ దస్త్ ఆ రోజే విక్టోరియా క్రాస్ సంపాదించాడు. రెండో రోజు మీకు సగం పూట ఉంటే ఈపర్ నుంచి కాలవ గట్టు మీదుగా ఉత్తరానికి, వీల్ట్యా, లాంగ్‌మార్క్, టైన్ కాట్ చుట్టి రండి, నలభై కిలోమీటర్ల లోపే. లాంగ్‌మార్క్ జర్మన్ల సిమెట్రీ, ఒకే గోతిలో సుమారు పాతిక వేల మంది. అదీ చూడండి. టైన్ కాట్ బ్రిటిష్ వైపు వాళ్ల సిమెట్రీ, అక్కడ దాదాపు పన్నెండు వేల సమాధులుంటే ఎనిమిది వేలకు పైగా పేరు లేనివి.

తిరుగు ప్రయాణానికి ఈపర్ స్టేషన్ నుంచి కోర్ట్రైక్ మీదుగా బ్రస్సెల్స్ రైలుంది. బెల్జియం రైళ్లలో సైకిలుకి విడి టికెట్టు కొనాలి, ఎక్కకముందే కొనండి. ప్రశ్నలుంటే అడగండి, మ్యాపు ఇక్కడ బల్ల మీద పరిచి ఉంచాను.